పార్కు ముందు విరిగిన స్లాబు, చేజారిపోతున్న గడువు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రిటైరైన హైస్కూల్ టీచర్. ఈ ఏడాది జనవరి 11న తెల్లవారుజామున ఐదున్నరకి వాకింగ్‌కి వెళ్తుంటే కార్పొరేషన్ పార్కు గేటు ముందు కాలువపై విరిగిన స్లాబులో కాలు దిగబడి తుంటి ఎముక విరిగింది. ఇప్పటికి 2,85,000 రూపాయలు ఖర్చయింది. వాకర్ లేనిదే నడవలేరు, మనిషి బాగా కుంగిపోయారు. కార్పొరేషన్ నుంచి ఒక్కరూ వచ్చి పలకరించలేదు. గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. కార్పొరేటర్‌ని అడిగితే ‘ఆ పని నవంబర్ కౌన్సిల్‌లోనే పాస్ చేశాం, కాంట్రాక్టర్ చేయకపోతే మేమేం చేస్తాం’ అన్నారు. ఏప్రిల్‌లో కొత్త స్లాబులు వేసేశారు. పోలీసు గొడవ ఎందుకని మా బావమరిది చెప్పడంతో ఆసుపత్రి కేస్ షీట్‌లో ‘ఇంట్లో బాత్‌రూమ్‌లో జారిపడ్డారు’ అని రాశారు. కొంత ఖర్చు పెడితే అది మార్పిస్తానని తెలిసినాయన అంటున్నారు. మార్పించి, నా పేరు మీద కేసు వేద్దామనుకుంటున్నాను. మూడేళ్లు టైముంది కదా? అప్పటిదాకా ఇంటి పన్ను కట్టడం ఆపేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా ఎవరు పలకరించలేదో, ఎవరు ఏమన్నారో రాశారు. మీ కేసును తేల్చేది మొదటి పేజీలో ఉన్న తేదీ. జనవరి 11.

మూడేళ్ల టైము ప్రోనోటు బాకీలకు. కార్పొరేషన్ తన విధుల్లో నిర్లక్ష్యం చేసిందని నష్టపరిహారం అడిగే దావాకు లెక్క వేరు. మీ కార్పొరేషన్‌కి వర్తించే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలో 685వ సెక్షన్ ఉంది. అది రెండు షరతులు పెడుతుంది. ముందు కార్పొరేషన్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి నెల రోజులు ఆగాలి. దావా మాత్రం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేసేయాలి. అంటే మీకు జూలై 11 ఆఖరు. మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి మే ఆఖరి వారం. జూన్ మొదటి వారంలో నోటీసు అందితే జూలై మొదటి వారంలో నెల నిండుతుంది. ఆ తర్వాత మీకు మిగిలేది నాలుగైదు రోజులే.

నోటీసు కోసం ఆగిన కాలాన్ని గడువులోంచి మినహాయించాలని 1963 లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. ఆ లెక్కన ఇంకో నెల దొరుకుతుంది. కానీ ఆ నెలను నమ్ముకుని కూర్చోవద్దు. నోటీసు సరిగ్గా లేదని అవతలి వకీలు తేల్చగలిగితే ఆ మినహాయింపు కూడా పోతుంది. అప్పుడు మీ నాన్నగారి బాధ ఎంత నిజమైనా జడ్జిగారు దాన్ని వినే దాకా రాదు.

గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలే నోటీసు అనుకుంటున్నారేమో, కావు. వాటి కాపీలు చదివాను. ‘తగు చర్య తీసుకోగలరు’ అని ముగించారు. దావా వేస్తామని లేదు, ఎంత అడుగుతున్నారో లేదు. పైగా అర్జీదారుగా మీ పేరుంది. దెబ్బ తగిలింది మీ నాన్నగారికి. ఆయన ఉన్నారు, మతి నిలకడగా ఉంది. పరిహారం అడిగే హక్కు ఆయనది. నోటీసు ఆయన పేరు మీదే వెళ్లాలి, దావాలో వాది ఆయనే కావాలి. మీరు పక్కన ఉండి తిరగొచ్చు, సాక్ష్యం చెప్పొచ్చు. మీ పేరు మీద నోటీసు వెళ్తే, జూలైలో ఆ పొరపాటు తెలిసేసరికి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అందులో ఒక్క పూట వకీలు దగ్గర కూర్చుని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

ఇక కేస్ షీట్. దాన్ని మార్పించే ఆలోచన ఇవాళే వదిలేయండి. ఆ తెలిసినాయనకు ఫోన్ కూడా చేయొద్దు. రికార్డు దిద్దించడం ఫోర్జరీ. దిద్దిన కాగితాన్ని కోర్టులో పెట్టడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద తప్పుడు సాక్ష్యం, ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఆసుపత్రి అసలు ప్రతి ఎక్కడో ఒకచోట ఉంటుంది. బిల్లింగ్ కంప్యూటర్‌లో ఉంటుంది, ఇన్సూరెన్స్‌కి పంపిన కాపీ ఉంటుంది. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి అవతలి వకీలు మీ నాన్నగారిని ఒక్క ప్రశ్న అడిగితే, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి బోనులో తలదించుకోవాలి. ఆయనకు ఆ గతి పట్టించకండి.

ఆ తప్పు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే ఒప్పుకుని నిజంతో కొట్టాలి. అలా ఎందుకు రాయించారో మీ బావమరిదే బోనెక్కి చెప్పాలి. ఆయన ఇష్టపడినా పడకపోయినా ఇది తప్పదు. ఆయన మాటకు బలం ఇచ్చేది అంతకు ముందు పుట్టిన రికార్డు. టీ బడ్డీ అతను 108కి ఫోన్ చేశాడనీ, మొదట ప్రభుత్వాసుపత్రికే తీసుకెళ్లారనీ రాశారు. 108 వాళ్ల దగ్గర ఏ చోటి నుంచి, ఏ టైముకి మనిషిని ఎక్కించుకున్నారో నమోదై ఉంటుంది. బాత్‌రూమ్‌లో పడిన మనిషిని పార్కు గేటు దగ్గర అంబులెన్స్ ఎక్కించుకోదు. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ పారేశామని తేలిగ్గా రాసేశారు. అది పారేసే కాగితమా? ఓపీ రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది, సర్టిఫైడ్ కాపీకి రేపే దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు ఆసుపత్రి కూడా, అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలి. మొత్తం కేస్ షీట్ తీసుకోండి, ఆ తప్పు వాక్యం ఉన్న పేజీతో సహా.

మీరు జత చేసిన ఫొటోల్లో ఒకదాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. డిసెంబర్ 19న మీ పాప పుట్టినరోజుకు పార్కు గేటు దగ్గర తీసింది. పాప వెనక సగం విరిగిన స్లాబు, తుప్పు పట్టిన ఊచ పైకి లేచి ఉండటం, ఆ కంతలో ఎవరో గుచ్చిన వేపకొమ్మ, దానికి కట్టిన ఎర్ర గుడ్డ పీలిక స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రమాదానికి 23 రోజుల ముందే ఆ గొయ్యి ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఫోన్‌ని అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీలో ఫొటో తీసిన తేదీ వివరాలు పోతాయి. ఫోన్‌లో ఉన్న అసలు ఫైలే కావాలి. దాన్ని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

అయితే ఆ వేపకొమ్మ రెండు వైపులా కోస్తుంది. ‘గుర్తు పెట్టి ఉంది, రోజూ ఆ దారినే వెళ్లే మనిషి చూసుకోవద్దా’ అని కార్పొరేషన్ వాదిస్తుంది. జనవరి 11 నాటికి కొమ్మ ఉందా, ఎండి పడిపోయిందా? గేటు ముందు వీధిలైటు వెలుగుతోందా? టీ బడ్డీ అతను, రోజూ వాకింగ్‌కి వచ్చే మరో ఇద్దరు ఈ రెండూ చెప్పగలగాలి. వాళ్లు ఊరు మారకముందే, జ్ఞాపకం మసకబారకముందే మీ వకీలు దగ్గర కూర్చోబెట్టండి. వీధిలైటు మీద అంతకు ముందు ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆ నంబరు సంపాదించండి.

మీకు కోపం తెప్పించిన కార్పొరేటర్ మాట ఉంది చూడండి, నాకు మీ ఉత్తరం మొత్తంలో అదే విలువైనది. ‘నవంబర్‌లోనే పాస్ చేశాం.’ స్లాబు పాడైందని కౌన్సిల్‌కి తెలుసు, బాగుచేయాలని తీర్మానించింది, రెండు నెలలు వదిలేసింది. ఆ నోటిమాట రేపు ఉండకపోవచ్చు. తీర్మానం కాగితం ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద ఇవి అడగండి: నవంబర్ సర్వసభ్య సమావేశం అజెండాలో ఆ అంశం, దాని మీద తీర్మానం నకలు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) తయారుచేసిన ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఆ పనికి సంబంధించిన పేజీలు. ఏప్రిల్‌లో కొత్త స్లాబులు వేశారంటే ఎం-బుక్‌లో కొలతలు, తేదీ ఎక్కాలి. పని ప్రమాదం తర్వాతే జరిగిందని వాళ్ల పుస్తకమే చెబుతుంది. జవాబుకి 30 రోజులు పడుతుంది, దాని కోసం నోటీసు ఆపకండి. ఇవ్వకపోతే దావాలో కోర్టు ద్వారా రప్పించుకోవచ్చు.

‘కాంట్రాక్టర్ చేయలేదు’ అన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాల్సిన లెక్క. కాలువ కార్పొరేషన్‌ది, దాన్ని భద్రంగా ఉంచే బాధ్యత కార్పొరేషన్‌ది. 1951లో ఢిల్లీ చాందినీ చౌక్‌లో మునిసిపాలిటీ గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. కట్టి 80 ఏళ్లయిన కట్టడం, వాడిన సున్నం బలం 40, 45 ఏళ్లకు మించదని ఇంజనీర్ చెప్పాడు. ఆ లోపం పైకి కనిపించలేదని కార్పొరేషన్ వాదించింది. రోడ్డు పక్కన ఉన్న తన కట్టడాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది యజమానే అని, అది కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని 1966లో సుప్రీంకోర్టు పరిహారం నిలబెట్టింది. మీ కేసులో లోపం దాగి కూడా లేదు. ఎర్ర గుడ్డ కట్టి మరీ కనిపించింది.

ఇంటి పన్ను మానొద్దు. నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, దావాకు పైసా లాభం లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే ఆలోచన కూడా వద్దు. పన్ను కట్టినంత మాత్రాన వినియోగదారుడు కాడన్న వాదన దగ్గరే నెలలు గడిచిపోతాయి. శాశ్వత లోక్ అదాలత్ మాత్రం ఆలోచించదగ్గ దారి. ప్రజోపయోగ సేవల్లో పారిశుధ్యం ఉంది, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారం కూడా దానికి ఉంది. కానీ ఇది పారిశుధ్యం కాదు, రోడ్డు పని అని కార్పొరేషన్ అడ్డుపడి అక్కడ కాలం కరిగిపోతే మీకు రెండో అవకాశం ఉండదు. బాత్‌రూమ్ వాక్యాన్ని సాక్షుల విచారణలోనే కడగాలి కాబట్టి నేనైతే సివిల్ కోర్టుకే వెళ్తాను.

ఎంత అడగాలన్నది బిల్లుల మీద ఆపకండి. మనిషిని పెట్టుకున్న ఖర్చు, ఫిజియోథెరపీ, నొప్పి, ఇక ముందు అవసరమయ్యే వైద్యం అన్నీ కలపండి. కదలికలో శాశ్వత లోపం ఉంటే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌కి ఇప్పుడే స్లాట్ చూసుకోండి, అది రావడానికి టైము పడుతుంది.

ఈ వారంలోనే వకీలుతో నోటీసు రాయించండి. అందులో నాన్నగారి పేరు, చిరునామా, వకీలు పేరు, ప్రమాదం తేదీ, టైము, చోటు, స్లాబు స్థితి, నవంబర్ తీర్మానం, అడిగే మొత్తం ఉండాలి. నోటీసులో రాయని కారణాన్ని తర్వాత కోర్టులో ఎత్తుకోవడం కష్టం, అందుకే వీధిలైటు సంగతి కూడా రాయించండి. సంతకం నాన్నగారే పెట్టాలి. కమిషనర్ పేరిట రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒకటి పంపి, ఇంకోటి మీరే తీసుకెళ్లి ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి. మీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ చదవడానికి వీలుగా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని కదలండి.