స్టాండింగ్ ఆర్డర్ మీద సంతకం ఉన్నా నర్సులు డాక్టర్‌ని అడిగే టీకా వేస్తున్నారు, ఎందుకు?

పెద్దవాళ్ల టీకాలకు మీ డాక్టర్ స్టాండింగ్ ఆర్డర్ (ప్రతిసారీ అడగకుండా నర్సే టీకా వేసేలా డాక్టర్ ముందే రాసిచ్చే అనుమతి) మీద సంతకం పెట్టినా, నర్సులు ప్రతి పేషెంటుకూ ఆయన్ని అడిగాకే వేస్తున్నారని, ఇది ఎలా మారుతుందని అడిగారు. నేను అమెరికాలోనే ఒక ఫ్యామిలీ ప్రాక్టీస్‌లో నర్సుని. మా దగ్గరా మొదట్లో ఇదే పరిస్థితి.

నేను చూసినంతలో అడ్డుపడేది భయం. ఆర్డర్ ప్రకారం నర్సే అర్హత చూసి టీకా వేసేయొచ్చని అందరికీ తెలుసు. కానీ "రేపు ఏదైనా తేడా వస్తే నా మీదకి వస్తుందేమో" అన్న టెన్షన్ పోదు. ఒకసారి మా సహోద్యోగి ఒకామె ఫ్లూ షాట్ వేస్తే, డాక్టర్ పేషెంటు ముందే "నన్నొక మాట అడగాల్సింది" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన పేషెంట్లకు ఎవరమూ సొంతంగా వేయలేదు. డాక్టర్లందరూ ఒక మాట మీదికొచ్చి, "ఆర్డర్‌లో ఉన్నట్టు చేస్తే బాధ్యత మాది" అని స్టాఫ్ మీటింగులో చెప్పాకే మాకు ధైర్యం వచ్చింది. మీరూ ముందు ఈ పని చేయించండి. ఒక్క డాక్టర్ ఒప్పుకోకపోయినా, ఇది ఎవరి పేషెంటో చూసుకుని వేయాల్సి వస్తుంది. ఆ గందరగోళం కన్నా అడిగేయడమే నయమనిపిస్తుంది నర్సుకి.

తర్వాత మీ ఆర్డర్ కాగితం ఒకసారి చదవండి. "అర్హులైన పెద్దలకు టీకా ఇవ్వవచ్చు" అని రాసి ఉంటే దానితో ఏ నర్సూ ముందుకు వెళ్లలేదు. షింగిల్స్‌కి (నొప్పితో పొక్కులు వచ్చే జబ్బు) 50 ఏళ్లు నిండినవారు, రెండు డోసులు, మధ్య 2 నుంచి 6 నెలల ఎడం అని అంత స్పష్టంగా ఉండాలి. ఫ్లూకి, గతంలో ఆ టీకా వేసుకున్న 6 వారాల్లోపు గీయాన్-బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జబ్బు) వచ్చి ఉంటే ఆగి డాక్టర్‌కి చెప్పాలని ఉండాలి. రియాక్షన్ వస్తే ఎపినెఫ్రిన్ (తీవ్రమైన అలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్) ఎంత, ఎలా ఇవ్వాలో కూడా రాయాలి. ఇమ్యునైజ్.ఆర్గ్ వెబ్‌సైట్‌లో ఒక్కో టీకాకి ఒక నమూనా ఉచితంగా దొరుకుతుంది. ఇంకోటి, న్యుమోకాకల్ టీకా (న్యుమోనియా లాంటివి తెచ్చే ఒక బ్యాక్టీరియాకి వేసేది) వయసు 2024లో 65 నుంచి 50కి తగ్గింది. మీ కాగితంలో ఇంకా 65 అనే ఉంటే దాన్ని ఎవరు నమ్ముతారు? సిఫార్సులు మారినప్పుడల్లా తిరగరాసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

మెడికల్ అసిస్టెంట్లు (నర్సు లైసెన్సు లేని క్లినిక్ సహాయకులు) టీకా వేయొచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ముందే కనుక్కోండి.

డబ్బు సంగతీ పనిని ఆపేస్తుంది. ఫ్లూ, న్యుమోకాకల్ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ బి, అంటే డాక్టర్ సేవల భాగం, కిందకి వస్తాయి, వీటికి మెడికేర్ విడిగా డాక్టర్ ఆర్డర్ అడగదు. షింగిల్స్ మాత్రం పార్ట్ డి, అంటే మందుల బీమా భాగం. 2023 నుంచి దానికీ పేషెంటు చేతి నుంచి ఏమీ పడదు గానీ, క్లినిక్‌లో వేస్తే బిల్లింగ్ తలనొప్పి. అందుకే చాలా చోట్ల ఫార్మసీకి పంపేస్తారు. మీరూ అలాగే చేస్తుంటే ఆ మాట ఆర్డర్‌లోనే రాయండి, నర్సు ప్రతిసారీ ఆలోచించుకోనక్కర్లేదు.

ఇక సమయం. పేషెంటుని గదిలో కూర్చోబెట్టి బీపీ చూసేటప్పుడే చార్టు, రాష్ట్ర టీకా రిజిస్ట్రీ చూసే వీలు ఉండాలి. డాక్టర్ వచ్చి వెళ్లాక అయితే ఎవరికీ ఓపిక ఉండదు, పేషెంటు కోటు వేసేసుకుంటారు. మా దగ్గర ఆ కొద్ది నిమిషాలూ దొరకడం కోసం ఫ్రంట్ డెస్క్ వాళ్లే టీకా ప్రశ్నల కాగితం ముందుగా చేతికిస్తారు.

అన్ని టీకాలూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఫ్లూ సీజన్‌లో ఆ ఒక్కదానితో నడిపి, చేతులు అలవాటు పడ్డాక న్యుమోకాకల్ చేర్చండి. మీది ఏ రాష్ట్రమో, మీ దగ్గర నర్సులు ఎక్కువో మెడికల్ అసిస్టెంట్లు ఎక్కువో చెబితే ఇంకా వివరంగా రాస్తాను.