రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇళ్లలో సేకరించిన గిన్నెలతో నిజంగా విమానాలు చేశారా?

కొంతవరకే. 1940 జూలైలో బ్రిటన్ విమానోత్పత్తి మంత్రి బీవర్‌బ్రూక్ అల్యూమినియం సామాను ఇవ్వమని గృహిణులను కోరారు. జనం గిన్నెలు, కెటిళ్లు తెచ్చి కుప్పలు పోశారు. కానీ విమాన రెక్కకు కావలసింది రాగి, మెగ్నీషియం కొలత ప్రకారం కలిపిన మిశ్రలోహం. వంటగిన్నెలో ఏది ఎంత కలిసిందో ఎవరికి తెలుసు? నల్లగొండలో పాత సామాను కొనే కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి: అయస్కాంతం ఆనించి, పిడికున్న ఇనుప రివెట్లు సుత్తితో ఊడగొట్టాకే గిన్నె తక్కెడ ఎక్కుతుంది. కుప్పలకు కుప్పలు అలా వేరు చేయాలంటే మాటలా! అమెరికాలోనూ 1941లో సేకరించిన గిన్నెలు విమానాలకు పెద్దగా పనికిరాక ఇతర అవసరాలకు వెళ్లాయి.

ఇనుము సంగతి వేరు. ఉక్కు కొలిమిలో తుక్కు ఎప్పుడూ వేసేదే. విరిగిన నాగలి ఇనుప కర్రు అయినా కరిగి కలిసిపోతుంది. అందుకే 1942లో అమెరికా చేపట్టిన ఇనుప తుక్కు సేకరణ నా దృష్టిలో అర్థమున్న పని.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. నిజాం యుద్ధానికి డబ్బు ఇచ్చారు (అందులో మన రైతుల శిస్తు ఎంతో మరి). బ్రిటన్ వైమానిక దళంలోని 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు అలా వచ్చిందే.