మీ అబ్బాయికి ఇంకా చెప్పని ఆ ఒక్క మాట

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి హన్మకొండలో ఉంటున్నాను. న్యూజెర్సీలో స్థిరపడిన మా అబ్బాయి మొన్న జులైలో కుటుంబంతో వచ్చాడు. పన్నెండేళ్ల మనవరాలికి మా ఊరి చెరువు, చిర్రగోనె ఆట, ఎడ్లబండి మీద మేడారం జాతరకు వెళ్లిన సంగతి చెబుతూ, ‘మీకు ఇవేవీ లేవు బిడ్డా, ఎంతసేపూ ఫోనే, మీదీ ఒక బాల్యమేనా’ అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు మా అబ్బాయి, ‘బాపూ, నా చిన్నతనం గురించి ఎన్నడన్న అడిగినవా? పదేండ్లకే హాస్టల్ల దింపి వచ్చినవ్’ అన్నాడు. అప్పటి నుంచి మనవరాలు ఫోన్లో రెండు మాటలు మాట్లాడి తల్లికి ఇచ్చేస్తోంది. ఆ రోజుల్లో ఊళ్లో పరిస్థితి బాగాలేకనే వాణ్ని పంపాను. నా తప్పేమిటి?

జవాబు: సారుకు నమస్కారం. చిన్ననాటి సంగతులు తలచుకోవడం మీ తప్పు కాదు. వయసు మళ్లిన వారిని గడిచిన జీవితం గురించి అడిగితే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని జ్ఞాపకశక్తిని అధ్యయనం చేసినవారు పలుమార్లు గమనించారు. కాబట్టి మీ మాట చెరువు గట్టు వైపు మళ్లడం సహజం. అయితే ఆ రోజు మీ మనవరాలి చెవిన పడింది చెరువు కథ కాదు, తన బతుకు మీద మీరిచ్చిన తీర్పు.

ఆమె బాల్యాన్ని ఒకసారి ఆమె వైపు నుంచి చూడండి. అక్కడి బడులకు సెలవులు వేసవిలో కాబట్టి ఆమె ఎప్పుడు వచ్చినా మన వానకాలంలోనే వస్తుంది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను మన వాకిట్లో చూసే అవకాశమే ఆమెకు రాలేదు. అక్కడ ఏ శనివారమో ఆదివారమో, దొరికిన బంతి, చామంతి పూలతో పేర్చిన బతుకమ్మే ఆమెకు బతుకమ్మ, దానిలో కొరత ఏదీ ఆమెకు కనిపించదు. రేపు మంచు కురిసి బడి మూసేస్తారేమోనని రాత్రంతా ఎదురుచూడడం, తెల్లారగానే మంచు మీద జారే బల్ల పట్టుకుని పరుగెత్తడం ఆమె చిర్రగోనె. 2020 మార్చిలో అక్కడి బడులు మూతపడినప్పుడు ఆమెకు ఏడేళ్లకు మించి ఉండి ఉండవు. చదువు నేర్పిన టీచరు, ఆడుకునే స్నేహితులు, చివరికి తాత కూడా ఆమెకు ఆ తెర మీదే కనిపించారు. మీరు ఏ ఫోన్‌ను నిందించారో ఆ ఫోన్‌లోనే మీరు ఆమెకు తాత అయ్యారు.

అసలు గాయం మీ అబ్బాయిది, దాని గురించే ఎక్కువ చెప్పాలి. పి.వి. నరసింహారావు హయాంలో 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైనప్పటి నుంచి, ప్రవేశపరీక్ష రాసి గురుకులంలో సీటు తెచ్చుకోవడమంటే మన పల్లెల్లో ఎంత గౌరవమో, ఉపాధ్యాయులుగా మీకు నాకన్నా బాగా తెలుసు. హాస్టల్ ఏదైనా, మీ జ్ఞాపకంలో అది కొడుకు భవిష్యత్తు కోసం గుండె రాయి చేసుకున్న రోజు, మీ అబ్బాయి జ్ఞాపకంలో బాపు వెనక్కి తిరిగి నడిచిపోయిన రోజు. రెండూ నిజమే. ఒకటి నిజం కావడానికి మరొకటి అబద్ధం కానక్కరలేదు.

మీ ఉత్తరం చివర, ఊళ్లో పరిస్థితి బాగాలేక పంపానని ఒకే వాక్యంలో రాసి ముగించారు. మీ అబ్బాయి హాస్టల్‌కు వెళ్లిన కాలానికి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పగలు పోలీసులు, రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చిపోతుండగా, ఎదుగుతున్న కొడుకులున్న ఇళ్లలో దీపం ఆర్పిన తర్వాత కూడా నిద్ర పట్టేది కాదు. మీరు చెప్పింది అదే అయితే, దాన్ని మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరనే నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ భయం సంగతి తెలిసిన కొడుకు ‘దింపి వచ్చినవ్’ అనే మాటను అంత ఒంటరిగా అనడు.

కానీ దాన్ని సంజాయిషీగా ముందు పెట్టకండి. ఒక ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, అక్కడ పొద్దున అవుతుంది, అబ్బాయితో ఒక్కరే మాట్లాడండి. హాస్టల్లో మొదటి రాత్రి ఎట్లా గడిచింది, ఎవరి పక్కన పడుకున్నాడు, ఎప్పుడు ఏడుపు ఆపుకున్నాడు అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా పూర్తిగా వినండి. ‘అందరూ అట్లాగే చదివారు’ అనే మాట మీ నోట రావద్దని చేతులెత్తి కోరుతున్నాను. అతడు చెప్పడం ముగిసిన తర్వాతనే, ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ మీ మనసులో ఏముందో, దేనికి భయపడ్డారో చెప్పండి. ఆ ఒక్క ఫోన్‌తోనే అతడి మనసు తేలికపడుతుందని నేను మాట ఇవ్వలేను. అయినా ముప్పై ఏళ్లుగా ఆ పిల్లవాడు ఎదురుచూస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

మనవరాలి దగ్గరకు వద్దాం. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001 ప్రాంతంలో పిల్లలను వారి కుటుంబం గురించి ఇరవై ప్రశ్నలు అడిగి, తాతలు ఎక్కడ పెరిగారో, ఇంట్లో ఎలాంటి కష్టాలు వచ్చాయో తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా ఉన్నట్లు గుర్తించారు. జవాబులు కంఠస్థం చేయిస్తే ఫలితం వస్తుందని మాత్రం వారు అనలేదు. పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుని చెప్పుకునే అలవాటుకే విలువ ఇచ్చారు. కనుక మీ ఊరి కథలు ఆపవద్దు, పోలిక ఒక్కటి ఆపండి. జాతర సంతోషంతోపాటు ఆ ఎడ్లబండి ప్రయాణంలో మీకు వేసిన చలి, ఆకలి, జనంలో తప్పిపోతామనే భయం కూడా చెప్పండి. పన్నెండేళ్ల పిల్లకు తాత భయపడ్డాడని తెలియడం చాలా దగ్గరి మాట.

అంతకన్నా ముందు, ‘నేను అన్న మాట సరైంది కాదు బిడ్డా’ అని ఆమెతో నేరుగా అనండి. కోడలి ద్వారా చెప్పించవద్దు. ఆ రోజు చెరువు సంగతి ఎత్తకుండా, మంచు పడి బడి మూసేసిన రోజున ఏం చేసిందో అడగండి. ఆమె తెలుగు, ఇంగ్లిషు కలిపి గబగబా చెబితే అర్థం కాని చోట ఆపి, మళ్లీ చెప్పమనండి, తరగతిలో పిల్లలు మిమ్మల్ని అడిగేవారు కదా, అట్లా.