డంపింగ్ యార్డు విస్తరణ: "రక్షిత మొక్కలేవీ లేవు" అన్న నివేదికను ఎలా పరిశీలించాలి?

మీ ఊరికి ఆనుకుని ఉన్న డంపింగ్ యార్డును గుట్ట వాలులోని ప్రభుత్వ భూమిలోకి పొడిగించబోతున్నారని, పర్యావరణ నివేదికలో "తుప్పలు తప్ప రక్షిత మొక్కలేవీ లేవు" అని ఒక్క ముక్కలో తేల్చేశారని, అది ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడం ఎలాగని అడిగారు. వృక్షశాస్త్రం చదువుకుని, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇటువంటి సర్వే బృందాలతో మొక్కలను గుర్తించే పనికి తిరిగినవాడిగా నా సలహా ఇది: ముందు ఆ బృందం ఏ నెలలో వచ్చిందో చూడండి.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే అధ్యయనాలకు సాధారణంగా వానాకాలం మినహా ఏదో ఒక రుతువు సమాచారం సరిపోతుంది. ఎండాకాలంలో దారులు బాగుంటాయి, తుప్పలు పలచగా ఉంటాయి కాబట్టి చాలా బృందాలు మార్చి నుంచి మే లోపలే పని ముగించుకుంటాయి. మన తూర్పు మండలాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నేల కింద దుంపగా దాగి ఉండే బ్రాకీస్టెల్మా, సెరోపీజియా జాతులు, నేల మీద పెరిగే ఆర్కిడ్లు వానలతోపాటే తలెత్తి, పూసి, కాసి, మళ్లీ కనుమరుగవుతాయి. ఏప్రిల్‌లో గులకరాళ్లు తప్ప ఏమీ కనిపించని ఒక వాలు మీద నవంబరులో గడ్డిపోచల మధ్య, గడ్డిపోచ అంత సన్నని కాడకు పూసిన బ్రాకీస్టెల్మాను నాకు చూపించింది మాతో వచ్చిన మేకల కాపరి. ఆ దుంపను తవ్వుకుని పచ్చిగా తినడం అలవాటు కనుక అది ఎక్కడ మొలుస్తుందో ఆయనకు తెలుసు. మా పట్టికలో మాత్రం దానికి గడి కూడా లేదు. నిబంధనల్లో వానాకాలమంటే ఆచరణలో జూన్ నుంచి సెప్టెంబరు వరకే లెక్క కాబట్టి, అక్టోబరు–డిసెంబరు మధ్య సర్వే జరపాలని కోరడం నిబంధనలకు విరుద్ధమేమీ కాదు. మీ అభ్యంతరాల్లో దీన్నే మొదట రాయండి.

రెండో సంగతి ఎర్రచందనం. ఇది తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన చెట్టు, 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. ఎర్రచందనం అనగానే మొసలి చర్మంలా గళ్లు పడిన నల్లటి బెరడుతో నిలువెత్తు మానునే అందరూ ఊహించుకుంటారు. ఊరికి దగ్గరగా ఉన్న గుట్టల్లో అలాంటి మాను మిగలడం అరుదు. నరికిన మొద్దు నుంచి లేచిన చిగుళ్లు మేకల నోట పడీ పడీ మోకాలెత్తు తుప్పగా మారి, పరికి, బలుసు, వాక పొదల మధ్య కలిసిపోయి ఉంటాయి. చెట్ల లెక్క ఛాతీ ఎత్తున కాండం చుట్టుకొలతను బట్టి వేస్తారు కాబట్టి ఈ పిలకలు లెక్కలోకే రావు. పైగా చలికాలం చివర ఆకు రాల్చేస్తే వాటిని పోల్చుకోవడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. ఆకు ఉన్నప్పుడైతే తేలిక: సాధారణంగా ఒక్కో ఆకుకు మూడేసి గుండ్రని రెక్కలు (చిరుఆకులు), రెక్క కొనన చిన్న నొక్కు, అడుగున పాలిపోయిన రంగు. దాన్ని పోలిన వేగిస చెట్టుకు రెక్కలు ఐదు నుంచి ఏడు దాకా ఉంటాయి. కింద రాలిన కాయ దొరికితే ఇంకా మంచిది. చుట్టూ పలచని రెక్కతో బిళ్లలా ఉండి, గింజ నడుమ ఉబ్బుగా తగులుతుంది.

చాలామంది ఈత మొక్కలా కనిపించే సైకాస్ బెడ్డోమి గురించి అడుగుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పేరు పెట్టి రక్షించిన కొద్ది మొక్కల్లో అదొకటి, సైటిస్ మొదటి అనుబంధంలోనూ ఉంది. అయితే అది ఎక్కువగా శేషాచలం, కడప కొండల పై వాలుల్లో పెరుగుతుంది; ఊరి పక్క గుట్టలో కనబడకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. అది లేదన్న ఒక్క కారణంతో స్థలాన్ని ఖాళీ నేలగా రాసెయ్యడమే నాకు అభ్యంతరం. రాతి వాలు ఉంటే కొండసాంబ్రాణి కోసం కూడా వెతకాలి.

జంతువుల విషయం క్లుప్తంగా చెబుతాను. దేవాంగ పిల్లి రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి పగటి నడకలో దొరకదు. ఎర్ర కాగితం చుట్టిన తలదీపంతో చీకటి పడ్డాక వెతకాలి. నక్షత్ర తాబేలు తొలకరి తర్వాతే బాగా బయట తిరుగుతుంది. ఉడుము, అలుగు (ఒంటినిండా పొలుసులుండే జంతువు) వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. బొరియలను ఫొటో తీసి, ఆ చోటును జీపీఎస్‌లో గుర్తించి ఇవ్వండి.

సర్వే సరిహద్దు దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి. కొత్తగా చెత్త పోసే సర్వే నంబర్లలో మాత్రమే నడిచి వచ్చేస్తే చాలదు. కుప్ప నుంచి ఊరే మురుగునీరు దిగువ వంకలోకి చేరుతుంది, కుప్ప అంటుకుంటే మంట ఎండిన బోద గడ్డి మీదుగా గుట్టకు పాకుతుంది, కుక్కల గుంపులు చుట్టుపక్కల కుందేళ్లనూ బతకనివ్వవు, కెలికిన నేలలో వయ్యారిభామ, సర్కారు తుమ్మ ముందుగా దిగుతాయి. 2026లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిబంధనలు నదికి 100 మీటర్లు, చెరువుకు, నివాసాలకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరం ఉండాలన్నాయి. కీలక ఆవాసాల్లోనూ, సున్నిత పర్యావరణ ప్రాంతాల్లోనూ అసలు అనుమతించరాదన్నాయి. రేణిగుంట విమానాశ్రయాన్ని తప్పించుకునే తొందరలో వెతుకులాట మైదానం వదిలి కొండల అంచుకు చేరుతోందేమోనని నా అనుమానం. ఆ మేరకు అక్కడి తుప్ప అడవిని మరింత శ్రద్ధగా చూడాలి.

"మొక్కలను వేరే చోటికి మార్చి నాటుతాం" అన్న హామీ నివేదికలో ఉంటే దాన్ని గట్టిగా ప్రశ్నించండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 17ఏ సెక్షన్ ప్రకారం నిర్దేశిత మొక్కలను (చట్టం పేరు పెట్టి రక్షించినవాటిని) అటవీ భూమి నుంచి పెకలించడమే నిషిద్ధం. మినహాయింపులకు విడిగా అనుమతి కావాలి. ఇక దుంప మొక్కలను మార్చడమంటే, రాళ్ల సందుల్లో వాటి దుంపలు చెడకుండా తవ్వి తీయడం దాదాపు కుదరని పని.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఆ గడువులో లిఖితపూర్వకంగా ఇవి అడగండి: సర్వే తేదీలు, నడిచిన దారి జీపీఎస్ పటం, మొక్కలను గుర్తించినవారి అర్హతలు, భద్రపరచిన నమూనాల వివరాలు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక పాత రికార్డులు చిత్తూరు లేదా నెల్లూరు జిల్లా పేరు మీద ఉంటాయి. కన్సల్టెంట్లు కొత్త జిల్లా పేరుతో మాత్రమే వెతికి "రికార్డులు లేవు" అనకుండా చూడండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగాన్ని, మీ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ దగ్గరున్న ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును కూడా సంప్రదించారా అని అడగండి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఖాళీగా ఉంటే, ఊళ్లోని యానాది పెద్దలను, కాపరులను కూర్చోబెట్టి ఇప్పుడే రాయించడం మొదలుపెట్టండి. పాత కుప్పను బయోమైనింగ్ చేస్తే (తవ్వి, వేరుచేసి, ఖాళీ చేస్తే) ఎంత స్థలం ఖాళీ అవుతుందో లెక్క వేశారా అన్న ప్రశ్న కూడా అదే కాగితంలో చేర్చండి. ఆ లెక్క తేలితే గుట్ట వైపు పొడిగించాల్సిన అవసరం ఎంతో అందరికీ తెలుస్తుంది.