బ్రిటన్ జీతాల లెక్క హైదరాబాద్‌లో: ఇది గుమాస్తా పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీకామ్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లోని ఒక సంస్థ బ్రిటన్ ఉద్యోగుల పేరోల్ విభాగంలో చేరమని ఆఫర్ ఇచ్చింది. జీతాలు ఎక్కించే పని సాఫ్ట్‌వేరే చేసేస్తుంది కదా, దీనికి భవిష్యత్తు ఉంటుందా అని మా సందేహం. ఎంకామ్‌లో చేర్పించడం మేలా? (ఒక తండ్రి)

జవాబు: మీ సందేహంలో సగం నిజముంది. కూడికలు, తీసివేతలు సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేస్తోంది. అయితే ఎవరిని ఉద్యోగిగా లెక్కించాలి, ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, ఏ చెల్లింపును ఏ గడువులోగా ఎవరికి తెలపాలి అన్నవి ఇంకా మనుషులే తేల్చాలి. అందులో పొరపాటు జరిగితే జరిమానా పడేది యజమాని మీదే కనుక, ఆ సంగతులు తెలిసిన మనిషికి సంస్థలు విలువ ఇస్తాయి.

విదేశంలో ఒకరిని నియమించుకునే సంస్థ ముందుగా గ్రహించవలసింది ఏమిటంటే, సాధారణంగా కార్మిక చట్టమైనా, జీతం మీద పన్నయినా ఉద్యోగి పనిచేసే చోటును బట్టి నిర్ణయమవుతాయి గాని, సంస్థ రిజిస్టరయిన ఊరిని బట్టి కాదు. మాదాపూర్‌లోని సంస్థ మాంచెస్టర్‌లో అక్కడి మనిషినే ఉద్యోగంలోకి తీసుకుంటే మన పీఎఫ్, ఈఎస్‌ఐ నియమాలతో అతనికి పని లేదు. నియామకానికి ముందే అతనికి బ్రిటన్‌లో పనిచేసే హక్కు ఉందో లేదో పరిశీలించి ఆధారాలు భద్రపరచాలి. ఆ హక్కు లేని వ్యక్తిని పనిలో పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి తొలిసారికే ఒక్కో ఉద్యోగికి 45,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది. ఉద్యోగ షరతులను పని మొదలయ్యే తొలి రోజుకల్లా రాతపూర్వకంగా ఇవ్వాలి. వారానికి అయిదు రోజులు పనిచేసేవారికి ఏడాదికి 28 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధమైన హక్కు.

ఇక లెక్క సంగతి. నెలకు 2,500 పౌండ్ల జీతం ఉన్న ఒక సాధారణ ఉద్యోగిని తీసుకుందాం. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ఆదాయ పన్ను లేదు కనుక, మిగిలిన దాని మీద 20 శాతం చొప్పున నెలకు సుమారు 290 పౌండ్ల పన్ను, 8 శాతం చొప్పున సుమారు 116 పౌండ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా) అతని జీతం నుంచి కోస్తారు. దీనికి తోడు యజమాని తన చేతి నుంచి కట్టవలసింది వేరే ఉంది. 2025 ఏప్రిల్ 6 నుంచి నేషనల్ ఇన్సూరెన్స్‌లో యజమాని వాటా 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరగడమే కాక, అది మొదలయ్యే పరిమితి ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కు దిగింది. దాంతో మన ఉదాహరణలో యజమాని వాటా నెలకు 312 పౌండ్లకు పైమాటే. 22 ఏళ్లు నిండి ఏడాదికి 10,000 పౌండ్లకు మించి సంపాదించే ఉద్యోగులను పెన్షన్‌లో తప్పనిసరిగా చేర్చాలి కనుక, జీతంలో ఒక పరిమితి దాటిన భాగం మీద యజమాని కనీస వాటా 3 శాతం కింద మరో 59 పౌండ్లు చేరతాయి. అంటే 2,500 జీతమని రాసుకున్న ఉద్యోగి మీద సంస్థకు దాదాపు 2,872 పౌండ్ల ఖర్చు. చాలా సంస్థలకు నేషనల్ ఇన్సూరెన్స్ వాటాలో ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ అనే తగ్గింపు రూపంలో కొంత ఊరట ఉన్నా, దానికి అర్హత ఉందో లేదో చూడవలసింది మళ్లీ పేరోల్ విభాగమే.

గడువులు ఇంకా కఠినం. 2013 నుంచి ప్రతి చెల్లింపు వివరాలనూ జీతం ఇచ్చే రోజుకు లేదా అంతకు ముందే పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో పంపాలి. పన్ను నెల 5వ తేదీతో ముగుస్తుంది. కోసిన సొమ్మును, యజమాని వాటాను ఆన్‌లైన్‌లో అదే నెల 22లోగా కట్టాలి. పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది కనుక ఉగాది రోజుల్లో మీ అమ్మాయికి సెలవు దొరకడం కష్టమే.

ఈ బాదరబందీ తప్పించుకోవడానికి కొన్ని సంస్థలు ఉద్యోగికి ‘కన్సల్టెంట్’ అని పేరు పెట్టి ఇన్వాయిస్ మీద డబ్బిస్తుంటాయి. బ్రిటన్ న్యాయస్థానాలు కాగితం మీది పేరుతో ఆగకుండా, పని నిజంగా ఎలా జరుగుతోందో చూస్తాయి. ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర కాంట్రాక్టర్లు కారని, కనీస వేతనం, సెలవు జీతం పొందే హక్కున్న కార్మికులని అక్కడి సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తేల్చింది. నా దృష్టిలో ఈ రంగంలో అత్యంత విలువైన నైపుణ్యం ఇలాంటి తేడాను ముందే పసిగట్టడం.

దేశం మారితే లెక్క మొత్తం మారుతుంది. యూఏఈలో జీతం మీద ఆదాయ పన్ను లేదు గనుక సులువనుకుంటారు. కాని అక్కడ విదేశీ ఉద్యోగులకు తొలి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆపై ఏడాదికి 30 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ లెక్కగట్టాలి. దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలోని సంస్థలకు 2020 నుంచి ఆ పద్ధతి కూడా వర్తించదు, వాటికి నెలనెలా పొదుపు పథకంలో జమచేసే విధానం వేరే ఉంది. అందుకే ఒకేసారి నాలుగు దేశాలు నేర్చుకోవాలని తొందరపడవద్దని, మొదటి రెండేళ్లు బ్రిటన్‌నే లోతుగా చదవమని మీ అమ్మాయికి చెప్పండి.

ఎంకామ్ దూరవిద్యలో ఎప్పుడైనా చేయవచ్చు. ఈ పనికి దానికంటే బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పేరోల్ ప్రొఫెషనల్స్ ఇచ్చే అర్హతలు ఎక్కువ పనికొస్తాయి. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పూర్తయి ఉంటే మాత్రం ఆర్టికల్‌షిప్‌ను వదులుకోవద్దనే చెబుతాను.

చేరే ముందు సంస్థను మూడు విషయాలు అడగమనండి. తాను చేసేది వివరాలు ఎక్కించడమా, లేక లెక్క సరిచూసి పన్ను శాఖకు పంపే బాధ్యత కూడా ఉందా? బ్రిటన్ వేళల వల్ల పని రాత్రి ఎంతవరకు సాగుతుంది, ఇంటికి చేర్చే క్యాబ్ ఉందా? బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే కట్టవలసింది ఎంత? మొదటిదానికి ‘ఎక్కించడమే’ అన్న జవాబు వస్తే, ఏడాది తర్వాత లెక్క సరిచూసి పంపే పనిలోకి మారుస్తామని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోవడం మంచిది. రాయడానికి వారు ఒప్పుకోకపోతే మరో సంస్థను వెతకండి.