నాగరిక సమాజమా, పౌర సమాజమా?

సందేహం: నేను ఒక స్వచ్ఛంద సంస్థ కోసం శిక్షణ పుస్తకాలు తెలుగు చేస్తుంటాను. ఈమధ్య ఒక పుస్తకానికి ‘జాతీయ మానవ హక్కుల నిబద్ధతలను పర్యవేక్షించడంలో నాగరిక సమాజం పాత్ర’ అని పేరు పెట్టాను. చదివినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ‘ఏం చెప్తున్నారో తెలియలేదండీ’ అన్నారు. సివిల్ సొసైటీని నాగరిక సమాజం అనాలా, పౌర సమాజం అనాలా? మానిటరింగ్‌కు పర్యవేక్షణ సరిపోతుందా, నిఘా అంటే మేలా? లోపల ‘ఛాయా నివేదిక’ అని కూడా వాడాను. అది సరైనదేనా?
– ఒక అనువాదకురాలు

సమాధానం: మీరడిగినవి మూడు మాటలే గాని, చిక్కు ఇంకో రెండింట్లో కూడా ఉంది. ముందు అడిగినదానికి చెప్తాను.

పురం నుంచి పౌరుడు వచ్చాడు, నగరం నుంచి నాగరికుడు వచ్చాడు. ఇద్దరూ పట్నంవాళ్లే. ఇంగ్లీషు సివిల్ కూడా ‘పౌరుడు’ అని అర్థమున్న లాటిన్ సివిస్ నుంచి పుట్టింది. కాబట్టి వ్యుత్పత్తి చూపించి మీ మాట తప్పని అనలేను. కాని వాడుకలో ఈ రెండూ చెరో దారి పట్టాయి. నాగరికుడు అనగానే మర్యాద, చదువు, నలగని బట్టలు గుర్తొస్తాయి. అతనికి ఎదురుగా అనాగరికుడు నిలబడి ఉంటాడు. పౌరుడికి అలాంటి ఎదురు మాట లేదు. ‘అపౌరుడు’ అని ఎవరన్నా అనగా విన్నారా? ‘నాగరిక సమాజం తలదించుకోవాల్సిన ఘటన’ అని పేపర్లో చదివినప్పుడు మనకు తోచేది మంచీచెడ్డా తెలిసిన మనుషులంతా అని. యూనియన్లు, మహిళా సంఘాలు, లాయర్ల సంఘాలు మనసులోకి రావు. పైగా అనాగరికులకు ఇందులో చోటు లేదేమో అనిపిస్తుంది. హక్కుల గురించి రాసిన పుస్తకానికి అంతకన్నా అప్రదిష్ట ఉండదు. పౌర సమాజం అనే రాయండి.

అయితే దానితోనూ ఒక ఇబ్బంది ఉంది. ‘పౌర సమాజం జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కమిటీకి నివేదిక పంపింది’ అంటే వాక్యం తప్పు కాదు గాని, పంపిందెవరో తెలియదు. సమాజం సంతకం పెట్టదు, సంఘాలు పెడతాయి. పని చేసేవాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘పౌర సంఘాలు’ అనండి. ఎవరో తెలిస్తే ఇంకా విడమరచి ‘వికలాంగుల సంఘాలు’, ‘కార్మిక సంఘాలు’ అనండి. మొత్తం రంగాన్ని ఒక్క మాటలో చెప్పాల్సినచోటే పౌర సమాజం వాడండి. స్వచ్ఛంద సంస్థలు అందులో ఒక భాగమే గనక ఆ రెండింటినీ ఒకదానికి ఒకటి మార్చి రాయకండి.

ఇక మీరు అడగనిది. ‘జాతీయ’ అనే మాట మీ శీర్షికలో దేనికి అంటుకుంది? మీ ఉద్దేశంలో నిబద్ధతలకు. చదివేవాళ్లకు మాత్రం పక్కనే ఉన్న మానవ హక్కులకు. ‘జాతీయ మానవ హక్కుల’ అనే మూడు మాటలు వరసగా కనబడగానే ‘కమిషన్’ అనే నాలుగో మాట నోటికి దానంతటదే వచ్చేస్తుంది. కమిషన్లు చట్టం పెట్టిన సంస్థలు. అవి ఎలా ఉండాలో 1993లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన పారిస్ సూత్రాలు చెప్తాయి. పౌర సంఘాలు వాటికి బయటివి. విశేషణానికీ దాని నామవాచకానికీ మధ్య మనుషుల్ని దూరనిస్తే ఇలాగే అవుతుంది. ‘మానవ హక్కుల విషయంలో దేశం ఇచ్చిన’ అని విప్పి రాస్తే అనుమానం ఉండదు.

దేశం ఇచ్చినవి ఏమిటి? నిబద్ధతలా? నన్నడిగితే మీ శీర్షికలో అసలు బరువు ఇక్కడే పడింది. నిబద్ధత ఒక గుణం. ‘ఆవిడ నిబద్ధత ఉన్న టీచరు’ అంటాం, ‘ఆవిడకు నాలుగు నిబద్ధతలు ఉన్నాయి’ అనం. లెక్కపెట్టడానికి వీల్లేనిదాన్ని ఎవరు కనిపెట్టి చూడగలరు? మీ పుస్తకంలో చెప్పేవి లెక్కకు అందేవి, తేదీ ఉన్నవి, సంతకం ఉన్నవి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 1966 నాటిది, మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడిక 1979 నాటిది, బాలల హక్కుల ఒడంబడిక 1989 నాటిది. ప్రభుత్వం వీటిలో దేనికి ఒప్పుకుందో, ఏ నిబంధనకు ఒప్పుకుందో వేలు పెట్టి చూపించవచ్చు. ‘కట్టుబాట్లు’ అందామంటే అది పెద్దలు కుర్రకారు మీద పెట్టే ఆంక్షలా వినిపిస్తుంది. ‘హామీలు’ నాకు నచ్చిన మాట. ఎన్నికల హామీల పుణ్యమా అని కాస్త పలచబడిన మాట నిజమే. అయినా హామీ ఇచ్చినవాణ్ని నిలదీయొచ్చన్న భావం అందులో ఇంకా చావలేదు. అన్నిటికన్నా సూటిగా ఉండేది ‘ఇచ్చిన మాట’. తెలుగులో మాట ఇస్తాం, నిలబెట్టుకుంటాం, తప్పుతాం, మాట మీద నిలబడతాం. మీ పుస్తకం మొత్తానికి కావలసిన క్రియలన్నీ ఈ ఒక్క నామవాచకం వెనకాలే నడిచొస్తాయి.

పౌర సంఘాలు చేసే పని కూడా సరిగ్గా ‘నువ్వే కదా మాటిచ్చావు’ అనడమే. 1975 ఆగస్టు 1న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సోవియట్ యూనియన్‌తో సహా 35 దేశాలు ఒక పత్రం మీద సంతకాలు చేశాయి. మానవ హక్కులను గౌరవిస్తామనేది అందులో ఒక అంశం. ఆ పత్రం సోవియట్ పత్రికల్లోనే అచ్చయింది. మరుసటి ఏడు మే నెలలో యూరీ ఓర్లోవ్ అనే భౌతికశాస్త్రవేత్త, కొందరు మిత్రులు మాస్కోలో ఒక బృందం పెట్టారు. దానికి పెట్టుకున్న పేరులో ‘వ్యతిరేకం’, ‘పోరాటం’ వంటి మాటల్లేవు. హెల్సింకీ ఒప్పందాల అమలుకు ‘తోడ్పడే’ బృందం అని ఉంది. మీ సంతకం అమలు కావడానికి సాయం చేస్తున్నాం, అంతే. ఆ సాయానికి ఓర్లోవ్‌కు ఏడేళ్ల శ్రమ శిబిరం, ఆపైన దేశంలోనే దూరప్రాంతానికి ఐదేళ్ల బహిష్కారం శిక్ష పడ్డాయి. చెకోస్లొవాకియాలోనూ ఇంతే. 1976లో రెండు అంతర్జాతీయ ఒడంబడికలను ప్రభుత్వమే తన చట్టాల సంపుటిలో ప్రచురించింది. 1977 జనవరిలో అక్కడి పౌరులు కొందరు ప్రభుత్వాన్ని నిలదీస్తూ విడుదల చేసిన చార్టర్ 77 పత్రం ఆ ప్రచురణనే ఎత్తి చూపుతూ మొదలవుతుంది.

పర్యవేక్షణా, నిఘానా అన్నారు. నిఘా పారశీకంలో చూపే. తెలుగులోకి వచ్చేసరికి దానికి పోలీసు వాసన పట్టుకుంది. ‘నిఘా వర్గాల సమాచారం’ అని వింటూ పెరిగినవాళ్లకు ‘పౌర సంఘాల నిఘా’ అంటే చాటుమాటు వ్యవహారంలా తోస్తుంది. ఈ పనంతా బహిరంగంగా జరిగేది గనక ఆ మాట వద్దు. పర్యవేక్షణ మంచి మాటే, కాని అందులో కొంచెం పెత్తనం ఉంది. మేస్త్రీ కూలీల పనిని పర్యవేక్షిస్తాడు, హెడ్మాస్టరు పరీక్షలను పర్యవేక్షిస్తాడు. ప్రభుత్వం మీద సంఘాలకు అలాంటి పెత్తనం లేదు. అందుకే ఇక్కడ ద్వితీయా విభక్తి ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ‘ప్రభుత్వాన్ని పర్యవేక్షించడం’ అనకండి. ‘హామీల అమలును పర్యవేక్షించడం’ అంటే సరిపోతుంది. మామూలు చదువరుల కోసమైతే ‘కనిపెట్టి చూడటం’ అనండి. ‘కనిపెట్టడం’ అని ఆపేస్తే మాత్రం ఎడిసన్ బల్బు కనిపెట్టినట్టు అవుతుంది.

ఈ విషయంలో వికలాంగుల హక్కుల ఒడంబడిక మిగతావాటికన్నా స్పష్టంగా మాట్లాడింది. 2006లో ఆమోదించిన ఆ ఒడంబడికలో 33వ అధికరణం అమలుకు, పర్యవేక్షణకు సంబంధించింది. అందులో మూడో ఖండిక పౌర సమాజం, ముఖ్యంగా వైకల్యం ఉన్న వ్యక్తులు, వారికి ప్రాతినిధ్యం వహించే సంస్థలు, పర్యవేక్షణలో పూర్తిగా పాల్గొనాలంటుంది. పాల్గొనవచ్చు అనదు, పాల్గొనాలి అంటుంది. మీ అనువాదంలో ఈ ‘వచ్చు’కీ ‘ఆలి’కీ తేడా పోతే అధికరణమే పోయినట్టు. ఇంకో జాగ్రత్త. ఇలాంటిచోట ‘వారిని భాగస్వామ్యం చేయాలి’ అని అందరూ రాసేస్తున్నారు. భాగస్వామ్యం ఒక స్థితి. మనిషిని భాగస్వామ్యం చేయలేం, భాగస్వామిని చేయగలం. ‘వారిని భాగస్వాములను చేయాలి’ అని గాని, ‘వారికి భాగస్వామ్యం కల్పించాలి’ అని గాని రాయండి.

ఛాయా నివేదిక సంగతి. ఒడంబడికకు ఒప్పుకున్న ప్రభుత్వం కొన్నేళ్లకోసారి నిపుణుల కమిటీకి నివేదిక ఇస్తుంది. అందులో రాసినదానికి, రాయకుండా వదిలేసినదానికి జవాబుగా సంఘాలు ఇచ్చేది షాడో రిపోర్టు. తెలుగులో ఛాయ అనగానే చామనఛాయ, ఛాయాచిత్రం, సినిమా ఛాయాగ్రహణం వరస కడతాయి. మీ ఛాయా నివేదికను ఫొటోల ఆల్బమ్ అనుకున్నా ఆశ్చర్యం లేదు. ‘ప్రతి నివేదిక’ అని మధ్యలో చోటు వదిలి రాస్తే ‘ఒక్కో నివేదిక’ అయిపోతుంది, కలిపి ‘ప్రతినివేదిక’ అంటే అర్థం దొరుకుతుంది గాని కంపోజింగులో ఆ చోటు ఎప్పుడు దూరిపోతుందో చెప్పలేం. ‘పోటీ నివేదిక’ సభలకు, ర్యాలీలకు బాగుంటుంది. నేనైతే ‘సమాంతర నివేదిక’ అంటాను. ప్రభుత్వం నివేదిక ఇవ్వకముందే, లేదా అసలు ఇవ్వనప్పుడు, సంఘాలు తమంతట తాము రాసేదాన్ని ‘ప్రత్యామ్నాయ నివేదిక’ అనడం ఒక పద్ధతి. ఆ తేడాను అందరూ పాటించరు. మీరు పాటిస్తే తప్పులేదు.

మీ పుస్తకంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి జరిపే సార్వత్రిక సమీక్ష (ఒక్కో దేశంలో హక్కుల తీరును మిగతా దేశాలు పరిశీలించడం) గురించి కూడా ఉండే ఉంటుంది. 2008లో మొదలైంది. సమితి సభ్యదేశాలు 193 కూడా సుమారు నాలుగున్నరేళ్లకోసారి దాని ముందుకు రావాల్సిందే. ప్రభుత్వం ఇచ్చే నివేదిక, సమితి సంస్థల సమాచార సంకలనం, సంఘాలు తదితరులు పంపినవాటి సారాంశం, ఈ మూడూ బల్ల మీద ఉంటాయి. ఒక్కో సంఘం పంపేది 2,815 మాటలు దాటకూడదు. (తెలుగులో పంపే వీలుంటే మన సమాసాలతో ఆ హద్దును సునాయాసంగా మోసం చేసేవాళ్లం. ఏం లాభం, సమితి అధికార భాషల్లోనే పంపాలి.) ఇక్కడ అనువాదకులు జారిపడే మెట్టు ఒకటుంది. ఇతర దేశాలు చేసిన సిఫారసుల్లో కొన్నింటిని ప్రభుత్వం ‘సమర్థిస్తున్నాను’ అంటుంది, మిగతావాటిని ‘నోట్ చేసుకున్నాను’ అంటుంది. ‘తోసిపుచ్చాను’ అనే మాట ఆ పద్ధతిలో లేదు. దాన్ని మీరు ‘సిఫారసును ప్రభుత్వం గమనించింది’ అని రాస్తే, పాపం శ్రద్ధగానే చూసిందనుకుంటారు చదివేవాళ్లు. కౌంటర్లో అర్జీ ఇచ్చినప్పుడు తల ఎత్తకుండా ‘నోట్ చేసుకున్నాం లెండి’ అంటే దాని అర్థం మనకు తెలియదా? ఆ ‘లెండి’లో ఉన్నదంతా అనువాదంలోకి రావాలి. ‘గమనించామని మాత్రం చెప్పింది’ అనండి. ‘మాత్రం’ ఆ పని చేసిపెడుతుంది.

స్టేట్ పార్టీ అన్నచోట ‘రాష్ట్ర పార్టీ’ అని రాయలేదు కదా? రాసుంటే ఎవరో అసెంబ్లీకి పోటీ చేస్తున్నారనుకుంటారు. ‘ఒడంబడికలో చేరిన దేశం’ చాలు. అలాగే ఒక నిబంధన తనకు వర్తించదని దేశం ముందే చెప్పుకోవడాన్ని ఇంగ్లీషులో రిజర్వేషన్ అంటారు. తెలుగులో రిజర్వేషన్ అంటే సీట్లు, ఉద్యోగాలు, రైలు బెర్తులు. ‘మినహాయింపు’ అని రాయండి.

చివరగా, మీ ఉత్తరంలో రెండుసార్లు ‘ధృవీకరణ’ అని ఉంది. ధ్రువంలో ఉన్నది రేఫ, ఋకారం కాదు. అందుకే ధకు కింద క్రావడి వస్తుంది, ధ్రువీకరణ అని రాయాలి. స్థిరం చేయడం అని దాని అర్థం, అంటే సంతకం చేసిన ఒడంబడికకు కట్టుబడతానని దేశం ఖాయం చేయడం. సంతకానికీ దీనికీ మధ్య దూరం ఎంతైనా ఉండొచ్చు. బాలల హక్కుల ఒడంబడిక మీద అమెరికా 1995లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. కాబట్టి ‘ఒడంబడికకు ఒప్పుకున్న దేశాలు’ అనే జాబితా మీ పుస్తకంలో ఉంటే, ఒక్కో పేరు పక్కనా ఆ రెండు తేదీలూ విడివిడిగా వేయండి.