తుపాకి గురి మసకేస్తోంది.. మార్చాల్సింది సైటా, కళ్లజోడా?

ప్రశ్న: నా వయసు 51. మాది తెనాలి. 22 ఏళ్లుగా పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. ఏటా నవంబరు చివర జింకల వేటకు వెళ్తాను. నాది మార్లిన్ 336, .30-30 తూటాల లీవర్ యాక్షన్ (కింది లీవరు ఆడిస్తే తూటా ఎక్కే) రైఫిల్. రెండేళ్లుగా బారెల్ మీదున్న వెనక సైటు (గురి చూసే గుర్తు) గాడి మసగ్గా, ఒక్కోసారి రెండుగా కనిపిస్తోంది. ప్రోగ్రెసివ్ అద్దాలతో (ఒకే అద్దంలో దూరానికీ దగ్గరకూ పవర్ మారేవి) చూస్తే తల ఎత్తాల్సి వస్తోంది. ఏడేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. స్కోపు (గురి చూసే దుర్భిణి) పెట్టి తుపాకి బరువు పెంచడం ఇష్టం లేదు. రంధ్రం ఉండే పీప్ సైటు బిగిస్తే చాలంటున్నారు మిత్రులు. అది కంటికి పనికొస్తుందా? ఎలాంటిది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా

జవాబు: మీ మిత్రులు చెప్పింది నిజమే. పీప్ సైటుతో మీ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కానీ అది కొనేముందు ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్న మీకు ఈ మాట మరీ గట్టిగా చెప్తున్నాను.

మీకొచ్చింది చత్వారం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, ఈ పేరు అందులోంచి వచ్చిందే. కంట్లోని సహజ కటకం ఏటికేడు గట్టిపడుతూ, దగ్గరి వస్తువుల్ని చూడటానికి కావలసినంతగా ఉబ్బలేకపోతుంది. మీ తుపాకిలో కన్ను మూడు దూరాల్ని చూడాలి. వెనక గాడి కంటికి 40–45 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే దాదాపు పుస్తకం పట్టుకునే దూరం. బారెల్ చివరనుండే ముందు సైటు పూస ఇంచుమించు 80–90 సెంటీమీటర్లు. జింక ఎక్కడో 80 గజాల అవతల. ఏ వయసులోనైనా కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. ఇరవైల్లో ఈ మూడింటి మధ్యా క్షణంలో మారిపోతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. యాభై దాటాక పూస దాకా ఎలాగో వస్తుంది, గాడి మాత్రం చేజారిపోతుంది.

పీప్ సైటు ఆ గాడినే లెక్కలోంచి తీసేస్తుంది. కళ్లజోడు కనిపించనప్పుడు మన పెద్దవాళ్లు కళ్లు చికిలించి పంచాంగం చదవడం చూసే ఉంటారు. కంటిపాప అంచుల్లోంచి వచ్చే కిరణాలే ఎక్కువ మసకకు కారణం. దారి ఇరుకైతే అవి ఆగిపోయి, దగ్గరా దూరమూ రెండూ కాస్త తేటపడతాయి. విజిటింగ్ కార్డుకు గుండుసూదితో చిల్లు పెట్టి, అద్దాలు తీసి, అందులోంచి పేపరు చదవండి, మీకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు కదా, ఆ పోటీలో వాడేదీ రంధ్రం సైటే.

వాడేటప్పుడు రంధ్రం చుట్టూ ఉండే రింగు వైపు చూడకండి. కిటికీలోంచి చూసినట్టు దానిలోంచి చూడండి. రింగు మసగ్గా ఉండటమే సరైన పద్ధతి. పూసను దాని మధ్యకు తెచ్చే పని కన్ను తనంతట తానే చేస్తుంది. మీ చూపంతా పూస మీదే ఉండాలి. అలవాటు కొద్దీ మొదట్లో రింగును వెతుకుతారు, కొన్నాళ్ల సాధనతో అది పోతుంది.

ఇక రంధ్రం సైజు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చిన్నదైతే స్పష్టత ఎక్కువని 0.050 అంగుళాలది, అంటే 1.3 మిల్లీమీటర్లది కొంటారు. మా క్లినిక్‌లో పరీక్షకు వాడే పిన్‌హోల్ కూడా దాదాపు అంతే. మిట్టమధ్యాహ్నం కాగితం గురి మీద అది బాగుంటుంది. కానీ రంధ్రం వ్యాసం సగమైతే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. జింకలు మేతకు కదిలేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. మీ రాష్ట్రంలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచే జింకను వేటాడవచ్చు కదా, ఆ గుడ్డి వెలుతురులో చిన్న రంధ్రం అడవిని నల్లగా చేసేస్తుంది. అందుకని 0.125 అంగుళాల (3.2 మిల్లీమీటర్ల) రంధ్రమున్న డిస్కుతో, అంటే బిళ్లతో మొదలుపెట్టండి. వెలుతురు తగ్గినప్పుడు వేసుకోవడానికి 0.191 (4.9 మిల్లీమీటర్లు) కూడా దగ్గర ఉంచుకోండి. మర తిప్పి మార్చుకునే డిస్కులుండే సైటే కొనండి. ఒక్క మాట: రంధ్రం మీ కంటిపాప కన్నా పెద్దదైతే చూపు తేటపడే లాభం తగ్గుతుంది. అప్పుడు మిగిలేది గురి త్వరగా దొరకడం ఒక్కటే. వేటగాడికి అదీ తక్కువేం కాదు.

ఫెలోషిప్ కోసం అమెరికాలో ఉన్న రోజుల్లో మా పొరుగాయన ఇదే రైఫిల్‌కు పీప్ సైటు బిగిస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. మార్లిన్ 336లో పేలిన తూటా గుల్ల పక్కనుంచి బయటికొస్తుంది, రిసీవర్ (తూటా ఎక్కించే యంత్రాంగం ఉండే పెట్టె) పైభాగం మూసి ఉంటుంది. స్కోపు కోసం పైన పెట్టిన రంధ్రాల్లోనే చిన్న పీప్ సైటు కూర్చుంటుంది. పాత వించెస్టర్ 94లో గుల్ల పైకే ఎగురుతుంది కాబట్టి దానికి పక్కన బిగించే రకం కావాలి. ముందు లీవరు తెరిచి ఛాంబరులో, గొట్టం మ్యాగజైన్‌లో తూటా లేదని కంటితోనే కాదు, వేలితో కూడా తడిమి చూసుకోవాలి. సైటు స్క్రూలకున్న జిడ్డు తుడిచి, అవి వదులు కాకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ చుక్క వేసి బిగించాలి. ఎరుపుది వద్దు, మళ్లీ ఊడదు. బారెల్ మీది పాత గాడి సైటును తీసేయాలి, లేకపోతే చూపుకు అడ్డం వస్తుంది. మీకు అలవాటు లేకపోతే ఈ పని గన్‌స్మిత్‌కే అప్పగించండి.

వెనక సైటు ఎత్తు పెరిగింది కాబట్టి తూటా గురి కన్నా పైన తగలొచ్చు. సైటును పూర్తిగా దించినా అలాగే ఉంటే ముందు పూస ఎత్తు పెంచాలి. లెక్క తేలికే: రెండు సైట్ల మధ్య దూరాన్ని, తూటా ఎంత పైన తగులుతోందో ఆ తేడాతో గుణించి, గురి దూరంతో భాగించండి. సైట్ల మధ్య 24 అంగుళాలుండి, 100 గజాల (3,600 అంగుళాల) దగ్గర 6 అంగుళాలు పైన తగులుతుంటే, పూస 0.04 అంగుళాలు పెరగాలి. అంటే ఒక్క మిల్లీమీటరు. మొదట 25 గజాల దగ్గర చూసుకుని తర్వాత 100కు వెళ్లండి. వెనక సైటును తూటా ఎటు కదలాలో అటే జరపాలి, ముందుదాన్ని దానికి ఎదురు దిక్కుకు.

రింగు కంటికి మరీ దగ్గర వద్దు. రిసీవర్ మీద బిగించే రకానికి, .30-30 తన్నుకు భయం లేదు. కానీ బొటనవేలు ఆనే చోట, స్టాక్ మెడ మీద బిగించే టాంగ్ సైటు కనుబొమకు చాలా దగ్గరగా ఉంటుంది. .45-70 లాంటి గట్టిగా తన్నే తుపాకులకు దాన్ని నేను ఒప్పుకోను.

కళ్లజోడు విషయానికొస్తే, ప్రోగ్రెసివ్ అద్దం ఈ పనికి సరిపడదు. చెంప స్టాక్‌కు ఆనించినప్పుడు మీరు అద్దం పైమూలలోంచి చూస్తారు, అక్కడ బొమ్మ వంకర పోతుంది. పాలీకార్బొనేట్‌తో ఒకే పవర్ ఉన్న రక్షణ అద్దాలు చేయించుకోండి. గురి చూసే కంటికి మీ దూరపు పవర్‌కు +0.50 కలిపి చూడమని అడగండి. అప్పుడు పూసకూ జింకకూ మధ్య రాజీ కుదురుతుంది, మిగతా మసకను రంధ్రం చూసుకుంటుంది. రక్తంలో షుగర్ ఎగుడుదిగుడుగా ఉన్న రోజుల్లో పవర్ కూడా మారిపోతుంది. అది కుదుటపడ్డాకే కొలతలు తీయించుకోండి.

కంటి పరీక్ష ముందే ఎందుకంటే, పిన్‌హోల్‌లోంచి చూపు మెరుగైతే లోపం పవర్‌ది. మెరుగుపడకపోయినా, ఇంకా మసకేసినా సందేహించాలి. షుగర్ ఉన్నవాళ్లలో కటకం వెనక పొర మధ్యలో మచ్చలా వచ్చే శుక్లం ఒకటి ఉంటుంది. అది ఉంటే చిన్న రంధ్రం వెలుతురును సరిగ్గా ఆ మచ్చ మీదికే పంపుతుంది. రెటీనా దెబ్బతిన్నా రంధ్రం ఏమీ చేయలేదు. పైగా పట్టపగలు పీప్ సైటుతో గురి బాగా కుదరడం చూసి కన్ను బాగానే ఉందనుకుని, ఏళ్ల తరబడి పరీక్ష మానేసినవాళ్లు నాకు తెలుసు. కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడటం షుగర్ ఉన్నవాళ్లకు ఏటా తప్పనిసరి. చుక్కలు వేసిన రోజు తుపాకి ముట్టకండి. పరీక్షలో ఏదైనా తేలితే, లేదా సంధ్యవేళ కొమ్మకూ మనిషికీ తేడా వెంటనే తెలియకపోతే, ఇష్టం లేకపోయినా స్కోపుకే మారండి. ఎదురుగా ఉన్నదేమిటో తెలుసుకోవడానికి బైనాక్యులర్స్ వాడండి, తుపాకి ఎత్తి చూడకండి. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా పేల్చొద్దు. రైఫిల్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, ఖాళీ తుపాకిని భుజానికి ఆనించి, కంటి నుంచి ముందు పూస దాకా ఎంత దూరమో ఇంట్లో ఎవరి చేతనైనా టేపుతో కొలిపించండి. ఆ అంకె చీటీ మీద రాసుకుని తీసుకెళ్లండి.

– కంటి వైద్య నిపుణుడు, హైదరాబాద్